ఒకడి తప్పు, అందరికీ శిక్ష

మా చెల్లెలి మనవడు మొన్న మే నెలాఖరులో ఎన్.సి.సి. శిబిరం నుంచి ఇంటికొచ్చాడు. పది రోజులకే మనిషి నల్లబడ్డాడు, చెంపలు లోపలికి పోయాయి, గొంతు మాత్రం పెద్దదైంది. వాడికి పద్నాలుగేళ్ళు. నట్టింట్లో మడమలు కలిపి నిలబడి, మాకందరికీ ఒక సెల్యూట్ కొట్టి, తాను పేల్చిన ఐదు తూటాల్లో మూడు గురిలో పడ్డాయని చెప్పాడు. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఆ ఊపులోనే ఇంకో మాటా చెప్పాడు.

"ఐదో రోజు ఒకడు బూట్లకు పాలిష్ వేసుకోలేదు తాతా. దానికి మా కంపెనీనంతా ముక్కాలు గంట ఎండలో పొర్లించినారు."

వాళ్ళమ్మ ముఖం మారిపోయింది. "వాడెవడో పాలిష్ వేసుకోకుంటే మా వాణ్ణెందుకు పొర్లించాల?" అంది. మా బావ పడక్కుర్చీలోంచే నవ్వి, "అట్లయితేనే దారికొస్తారమ్మా. రేపటి నుంచి వాడి బూట్లు పక్కవాడే చూస్తాడు" అన్నాడు. ఇద్దరూ నా వైపు తిరిగారు. "మామా, మీరు ఇరవై ఏండ్లు ఆ ఖాకీ వేసుకున్నారు కదా, మీరే చెప్పండి, ఇది న్యాయమేనా?" అని కోడలు అడిగింది.

"ముందు వాణ్ణి మజ్జిగ తాగనీండి" అని మాట దాటవేశాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక కాదు. ఉన్న జవాబు చెప్పాలంటే నా గురించి ఒక సంగతి బయటపెట్టాలి. నలభై ఏళ్ళకు పైగా దాన్ని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నోటితో చెప్పలేనిది కాగితం మీద చెప్పడం కొంత సులువు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. నేను ఎన్.సి.సి.కి వ్యతిరేకిని కాను. ఎనిమిదో తరగతిలో చేరాను, మాస్టరునయ్యాక కాంప్టీలో శిక్షణ పొంది అసోసియేట్ ఆఫీసరునయ్యాను, రిటైరయ్యే ముందు దాకా పిల్లల్ని శిబిరాలకు తీసుకెళ్ళాను. కుంజ్రూ కమిటీ సిఫారసు మీద 1948లో చట్టం చేసి మొదలుపెట్టిన సంస్థ ఇది. మరుసటి సంవత్సరమే ఆడపిల్లలకూ తలుపు తెరిచింది. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ కుర్రాళ్ళకు తప్పనిసరి చేశారు, 1968లో మళ్ళీ ఐచ్ఛికం చేశారు. ఇవాళ దేశంలో పదిహేను లక్షలకు పైగా పిల్లలు ఇందులో ఉన్నారు. పల్లెలో పుట్టి, జిల్లా దాటని కుర్రాడికి రైలెక్కించి దేశం చూపించిన సంస్థ ఇది. తన కంచం తాను కడుక్కోవడం, తన పక్క తాను మడుచుకోవడం, ఏ కులంవాడు వండాడో అడక్కుండా వరుసలో కూర్చుని తినడం ఎంతోమంది పిల్లలు మొదటిసారి ఆ పది రోజుల్లోనే నేర్చుకుంటారు. మన ఇళ్ళలో ఇప్పటికీ సరిగా నేర్పలేని విషయాలవి.

అయితే ఆ పది రోజుల్లోనే ఇంకొకటి కూడా నేర్పుతారు. ఒకడు తప్పు చేస్తే అందరూ అనుభవించడం. దాన్ని 'రగ్డా' అంటారు. రూల్స్ పుస్తకంలో ఎక్కడా ఉండదు, కానీ శిబిరంలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. దాని గురించే నా ప్రశ్న.

మాది బళ్ళారి. కౌల్‌బజారులో ఉండేవాళ్ళం. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, వీధిలో ఉర్దూ. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఈ మూడు భాషల బతుకు గురించి వివరించనక్కరలేదు. ఉస్తాద్‌లు మాట్లాడే హిందీ నాకు ఎవరూ నేర్పలేదు, పక్కింటి పిల్లలతో గోలీలాడుతూ వచ్చేసింది. నా తరగతిలోనే హగరి ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి వచ్చే కుర్రాడొకడుండేవాడు. ఏడో తరగతి దాకా పల్లెలో తెలుగులోనే చదివాడు. కన్నడం తడుముకుంటూ మాట్లాడేవాడు, హిందీ అసలే రాదు. పరేడ్‌లో 'సావధాన్', 'విశ్రామ్', 'దాహినే మూడ్', 'థమ్' అన్న మాటలు శబ్దాలుగా గుర్తుపెట్టుకున్నాడు. మాటకు అర్థం తెలియకపోయినా కాలు సరిగ్గా పడేది. ఉస్తాద్ ఏమడిగినా "జీ సాబ్" అనాలని మొదటి రోజే మాకు నేర్పారు. వాడికొచ్చిన హిందీ మొత్తం అంతే.

1979 మేలో పది రోజుల శిబిరానికి మేమిద్దరం వెళ్ళాం. ఒక పెద్ద హైస్కూలు ఆవరణ. తరగతి గదుల్లో బల్లలు ఒక మూలకు పేర్చి, నేల మీద జంపఖానాలు పరుచుకుని పడుకునేవాళ్ళం. నా పక్కన వాడి పక్క. తెల్లవారుజామున నాలుగున్నరకు ఈల. వ్యాయామం, టీ, పరేడ్, తుపాకీ విప్పి బిగించడం, పటం చూసి దిక్కులు గుర్తించడం, మధ్యాహ్నం ప్రథమ చికిత్స పాఠం, సాయంత్రం ఆటలు, రాత్రి హాజరు. బళ్ళారి ఎండ సంగతి తెలిసిందే. పది గంటలకల్లా నేల కాలేది. రాత్రి దీపాలార్పాక వాడు చిన్నగా అడిగేవాడు, "ఇంతకూ థమ్ అంటే ఏమబ్బీ?" నేను చెప్పేవాణ్ణి. ఆ పది రోజులకు వాడి నిఘంటువును నేనే.

ఆరో రోజు మమ్మల్ని చాంద్‌మారీకి తీసుకెళ్ళారు. మట్టి కట్ట ముందు కాగితపు గురులు, పక్కన ఎర్ర జెండా. ఐదుగురు చొప్పున బోర్లా పడుకుని పాయింట్ ఇరవై రెండు రైఫిల్‌తో తలా ఐదు తూటాలు పేల్చాలి. ఆ అనుభవం గురించి రాస్తే పేజీలు చాలవు. ఊపిరి బిగబట్టి, భుజానికి మడమ ఆనించి, వేలు నొక్కిన క్షణంలో పద్నాలుగేళ్ళ పిల్లవాడు తన ఒళ్ళు తన చేతిలో ఉందని మొదటిసారి తెలుసుకుంటాడు. పేల్చడం అయ్యాక ఖాళీ తూటా గొట్టాలన్నీ ఏరి లెక్క అప్పగించాలి. వాటిని ఖోఖాలంటారు. ఎన్ని తూటాలిచ్చారో అన్ని ఖోఖాలు తిరిగి రావాలి. ఇది అర్థంలేని నియమం కాదు. ఆయుధాల లెక్క తప్పితే ఏమవుతుందో ఎవరైనా ఊహించుకోవచ్చు.

మేం నలభై మందిమి. రెండు వందల తూటాలు. లెక్కకు వచ్చినవి నూట తొంభై తొమ్మిది.

నేలంతా వెదికాం. జేబులు తిరగేశాం. దొరకలేదు. అప్పుడు మొదలైంది రగ్డా. పొర్లు, లే, పరుగెత్తు, తుపాకీ తల మీదికెత్తు, మళ్ళీ పొర్లు. అరగంటకు ఇద్దరికి వాంతులయ్యాయి. "ఎవడ్రా తీసుకున్నది, చెప్పి చావండ్రా" అని మాలో మేమే పళ్ళు నూరుకోసాగాం. గమనించండి, అప్పటికి మా కోపం పొర్లించేవాడి మీద లేదు. ఎవడో తెలియని పక్కవాడి మీద ఉంది.

ఉస్తాద్ వరుస వెంట నడుస్తూ ఒక్కొక్కణ్ణీ అడిగాడు, ఖోఖా తీసుకున్నావా అని. వాడి దగ్గరికొచ్చాడు. వాడు "జీ సాబ్" అన్నాడు.

ఉస్తాద్ ఆగాడు. పారేశావా అని అడిగాడు. వాడు నా వైపు ఒకసారి చూసి, "జీ సాబ్" అన్నాడు.

నేను వాడి పక్కనే ఉన్నాను. వాడికి ఆ మాట అర్థం కాలేదని నాకు తెలుసు. ఖోఖా అంటే తూటాలనుకున్నాడు. ఐదు తూటాలూ ముట్టాయా అని అడుగుతున్నారనుకుని అవునన్నాడు. మొదటిసారి "జీ సాబ్" అన్నప్పుడు వాడి ముఖంలో భయమేమీ లేకపోవడమే అందుకు సాక్ష్యం. నేను ఒక్క అడుగు ముందుకేసి, "ఉస్తాద్, వీడికి హిందీ రాదు" అంటే సరిపోయేది. ఆ నాలుగు మాటలూ నాకు వచ్చు. కానీ వరుసలో ఉన్నవాడు అడక్కుండా మాట్లాడకూడదు. అంతకన్నా నిజమేమిటంటే, వాడు ఔనన్న మరుక్షణం మాకు విశ్రామ్ దొరికింది. నా మోకాళ్ళు దోక్కుపోయి ఉన్నాయి. నోరెండిపోయి ఉంది. నేను మాట్లాడితే మళ్ళీ మొదటి నుంచీ పొర్లాలి. నేను మాట్లాడలేదు.

మరుసటి రోజు వాణ్ణి ఇంటికి పంపించేశారు. రెండు రోజుల తర్వాత చాంద్‌మారీ జంపఖానాలు దులుపుతుంటే మడతలోంచి ఆ ఖోఖా కింద పడింది. ఉస్తాద్ దాన్ని తీసి చూసుకున్నాడు, నా వైపు చూశాడు, జేబులో వేసుకుని ఆఫీసు గది వైపు వెళ్ళాడు. లెక్క సరిపోయింది. వాడికి ఎవరూ కబురు చేయలేదు. శిబిరం పూర్తి చేయలేదు కాబట్టి వాడికి 'ఎ' సర్టిఫికెట్ రాలేదు. జూన్‌లో బడి తెరిచాక పరేడ్‌కు రావడం మానేశాడు. ఆ ఖోఖా దొరికిందని నేనూ చెప్పలేదు. చెబితే నేను చెప్పనివన్నీ చెప్పాల్సివచ్చేది.

ఆ ఉస్తాద్ దుర్మార్గుడు కాడని కూడా రాయాలి. మా కాళ్ళ బొబ్బలకు రాత్రిళ్ళు తానే కొబ్బరినూనె రాసేవాడు. లెక్క తప్పితే ఆయన పైవాడికి జవాబు చెప్పుకోవాలి. ఆ భయాన్ని ఆయన మా నలభై మందికీ పంచాడు, అంతే. చెడ్డవాళ్ళు లేకుండానే చెడు జరగగలదని నేను నేర్చుకున్నది అక్కడే.

ఇక మా బావ వాదానికి వద్దాం. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. సైన్యంలో ఒకడి పొరపాటు అందరి ప్రాణం మీదికి తెస్తుంది. రాత్రి కాపలాలో ఒకడు బీడీ వెలిగిస్తే ఆ నిప్పురవ్వ చూసి కాల్చే శత్రువు, 'ఇందులో బీడీ తాగినవాడెవడు?' అని విచారించడు. కాబట్టి పక్కవాడి తప్పు నా తప్పేనని మొదటి నుంచీ ఒంటికి పట్టించాలి. అందుకే సామూహిక శిక్ష. ఇదీ వాదం. ఊళ్ళోనూ ఇదే చూస్తాం. చెరువుకట్టకు ఒకడు గండి కొడితే అందరి పొలాలూ మునుగుతాయి.

నేను చాలా ఏళ్ళు ఈ వాదంతోనే సరిపెట్టుకున్నాను. తర్వాత దీంట్లో ఒక మెలిక కనబడింది. వరదకు కళ్ళు లేవు. శత్రువుకు నా స్నేహితుడి మీద బాధ్యత లేదు. వాళ్ళు అందరినీ ముంచితే అది ఫలితం. శిక్షించేవాడికి కళ్ళున్నాయి, బాధ్యత ఉంది, తప్పు చేసినవాణ్ణీ చేయనివాణ్ణీ వేరుచేసే శక్తి ఉంది. ఆ శక్తి ఉండి కూడా వాడకపోతే అతను వరదను అనుకరిస్తున్నాడు. ఫలితం అందరి మీదా పడుతుందని చెప్పడం పాఠం. అందరి మీదా తానే పడేయడం శిక్ష. ఈ రెండింటికీ మధ్య గీత చెరిపేస్తే మిగిలేది బలం ఒక్కటే.

భాష దగ్గర కూడా ఇదే తికమక. శిబిరంలో ఉస్తాద్ 'శిక్షా' అన్నప్పుడల్లా మేం ఉలిక్కిపడేవాళ్ళం. హిందీలో దానర్థం చదువు. తెలుగులో, కన్నడంలో దండన. ఒకే సంస్కృత ధాతువు, అర్థం నేర్చుకోవడం. ఆ మాట మన వైపుకొచ్చేసరికి నేర్చుకోవడం పోయి బెత్తం మిగిలింది. 'క్రమశిక్షణ' అనే మాటలో రెండూ దాక్కుని ఉన్నాయి. ఏది నేర్పుతున్నామో నేర్పేవాడికి తెలియాలి.

సామూహిక శిక్ష శిబిరాల్లో పుట్టింది కాదు. మనల్ని పాలించిన తెల్లవాళ్ళకు ఇది ఇష్టమైన పద్ధతి. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, పుట్టుకతోనే కొన్ని జాతులను దొంగలుగా ముద్రవేశారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ విస్తరించారు. ఎరుకలవాళ్ళ బతుకులు దానికింద ఎలా నలిగాయో స్టూవర్టుపురం పేరు విన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఒకడు దొంగతనం చేస్తే ఆ కులంలో పుట్టిన పసివాడు కూడా పోలీసు హాజరు పట్టీకెక్కేవాడు. ఆ చట్టం రద్దు కావడానికి 1952 దాకా పట్టింది. 1942లో క్విట్ ఇండియా రోజుల్లో ఎక్కడైనా తంతితీగలు తెగితే చుట్టుపక్కల ఊళ్ళ మీద సామూహిక జరిమానా వేశారు. తీగ కోసినవాడు దొరకనప్పుడు దొరికినవాళ్ళందరి దగ్గరా వసూలు చేయడం వాళ్ళ న్యాయం. దాన్ని ఎదిరించినవాళ్ళ త్యాగాలను మన పిల్లలకు పాఠంగా చెబుతాం. ఆ పాఠం చెప్పిన మైదానంలోనే అదే న్యాయం అమలు చేస్తాం.

ఇంకొకటి నన్ను బాగా కదిలించింది. యుద్ధ ఖైదీల గురించిన 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందంలో 87వ అధికరణం ఉంది. ఒక్కడు చేసిన పనికి ఖైదీలందరినీ శిక్షించకూడదని అందులో స్పష్టంగా రాశారు. మన దేశం ఆ ఒప్పందాలను 1950లో ఆమోదించింది, 1960లో వాటికోసం చట్టం చేసింది. అంటే మన మీదికి తుపాకీ ఎత్తి పట్టుబడ్డ శత్రు సైనికుణ్ణి వాడి తోటివాడి తప్పుకు ఎండలో పొర్లించే హక్కు మనకు లేదు. మన ఇంటి పిల్లవాణ్ణి మాత్రం పొర్లించవచ్చునట. శత్రువుకు ఇచ్చిన మర్యాద మన బిడ్డకు ఇవ్వకపోవడాన్ని ఏమనాలి? పిల్లల చదువు హక్కు గురించి 2009లో వచ్చిన చట్టం, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను బళ్ళో కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. సెలవుల్లో అదే బడి ఆవరణలో ఖాకీ వేసుకున్నంత మాత్రాన ఆ పిల్లవాడు మారిపోడు కదా.

ఇదంతా శిక్షించేవాడి సంగతి. నన్ను వేధించేది నా సంగతి. నేను శిక్షించలేదు. నేను ఊరుకున్నాను.

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడి కథ ఉంది. దొంగలు దోచిన సొమ్ము తెచ్చి ఆయన ఆశ్రమంలో దాక్కున్నారు. రాజభటులొచ్చి అడిగితే మౌనవ్రతంలో ఉన్న ముని పలకలేదు. దొంగలతోపాటు ఆయన్నీ శూలానికెక్కించారు. తర్వాత ఆయన యముడి దగ్గరికెళ్ళి నేనేం పాపం చేశానని నిలదీస్తే, చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చావన్నాడు యముడు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని మండిపడి, పద్నాలుగేళ్ళ దాకా చేసినదేదీ పాపం కాదని మాండవ్యుడు కట్టడి చేశాడు, యముణ్ణి విదురుడిగా పుట్టమని శపించాడు.

చిన్నప్పుడు మా జేజి ఈ కథ చెబితే వింతగా విన్నాను. పెద్దయ్యాక దీన్నొక సాకుగా కూడా వాడుకున్నాను. నాకప్పుడు పద్నాలుగు దాటి కొన్ని నెలలే అయింది కదా అని లెక్కలు వేసుకున్నాను. అయితే మాండవ్యుడి మౌనానికీ నా మౌనానికీ పోలిక లేదు. ఆయన ఊరుకున్నందుకు శూలం ఆయనకే దిగింది. నేను ఊరుకున్నందుకు వేరేవాడికి దిగింది. తన ఒంటి మీదికి తెచ్చుకునే మౌనం వ్రతం కావచ్చు. పక్కవాడి ఒంటి మీదికి పంపే మౌనానికి ఆ పేరు చెల్లదు.

పైగా ఇందులో మనబోటివాళ్ళకు ప్రత్యేకంగా పట్టే సంగతి ఒకటుంది. మనం రెండు మూడు భాషల మధ్య బతికేవాళ్ళం. పరేడ్‌లో ఆజ్ఞలు ఏ భాషలో ఉండాలన్నది పాత తగాదా. 1968 జనవరిలో అప్పటి మద్రాసు రాష్ట్ర శాసనసభ ఎన్.సి.సి.లో హిందీ ఆజ్ఞలు వద్దని తీర్మానమే చేసింది. నా మట్టుకు నాకు ఆజ్ఞల భాష మీద పెద్ద పట్టింపు లేదు. నలభై కాళ్ళు ఒకేసారి లేవాలంటే ఏదో ఒక శబ్దం కావాలి, అది ఏ భాషదైతేనేం? కానీ ఆజ్ఞకు ఒక భాష చాలు, విచారణకు చాలదు. నువ్వు తప్పు చేశావా అని అడిగేటప్పుడు అడగాల్సింది ఎదుటివాడి భాషలో. కోర్టుల్లో కూడా నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం చెబితే అతనికి తెలిసిన భాషలో వినిపించాలని మన నేర విచారణ స్మృతి 1973 నుంచీ చెప్పింది. దాని స్థానంలో 2024 జూలైలో అమల్లోకి వచ్చిన చట్టమూ అదే చెబుతోంది. దొమ్మీ కేసు ముద్దాయికి దొరికే ఈ సౌకర్యం ఆ హగరి ఒడ్డు పిల్లవాడికి దొరకలేదు. అక్కడ దుబాసీ లేక కాదు. ఉన్న దుబాసీ నోరు విప్పలేదు. రెండు భాషలు వచ్చినవాడికి ఆ రెండో భాష సొంత సౌకర్యానికి మాత్రమే ఇచ్చింది కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆసుపత్రిలో, రైలు టికెట్టు కిటికీ దగ్గర, పోలీసు స్టేషన్లో మనవాడొకడు తెల్లముఖం వేసుకుని అన్నిటికీ తలూపుతుంటే పక్కన నిలబడి చూసే మనలో ఎంతమందిమి ఆ వరుసలోంచి ఒక అడుగు ముందుకేస్తున్నాం?

1998లో ఒక పెళ్ళిలో వాడు కనబడ్డాడు. పదో తరగతితో చదువు ఆపి పత్తి మిల్లులో చేరాడట, అప్పటికి మేస్త్రీ అయ్యాడు. భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చున్నాం. నేనే ఎత్తుకున్నాను. పందొమ్మిదేళ్ళుగా మోసిన మాటలన్నీ చెప్పాను. జంపఖానా మడతలో దొరికిందనీ చెప్పాను. వాడు తాంబూలం నములుతూ విన్నాడు.

"మొదటిసారి ఆయప్ప అడిగింది నాకు తెలీలేదు, నిజమే" అన్నాడు. "రెండోసారి తెలిసింది. మీరంతా ఎండలో పడి ఉండారు. ఒకడు కక్కుకుంటా ఉండాడు. ఔనంటే ఐపోతుంది కదాని అంటిని."

నాకు నోట మాట రాలేదు.

"దాంట్లో నీ తప్పేముందిలే. నువ్వు చెప్పింటే నిన్నూ పంపించేవాళ్ళు" అన్నాడు. కాసేపాగి, "ఆ రాత్రి నువ్వు నీ పక్క జరుపుకుంటివి చూడు, అది మాత్రం నాకు మతికుంది" అన్నాడు.

నేను అది మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను. వాడు చెప్పాక గుర్తొచ్చింది. ఆ రాత్రి గదిలో ఎవరూ వాడితో మాట్లాడలేదు. వాడి పక్కకు రెండు వైపులా అందరూ జంపఖానాలు లాక్కున్నారు. మాకు తెలియని దొంగ దొరికాడన్న కసి కొందరిది. నిజం తెలిసిన నాది ఇంకోరకం. వాడి పక్కన పడుకుంటే వాడు మళ్ళీ ఏదైనా మాటకు అర్థం అడుగుతాడని నా భయం.

ఎన్.సి.సి. ఆదర్శం ఏకత, అనుశాసనం. ఆ వరుసలోనే ఉన్నాయి ఆ రెండు మాటలు, ఏకత ముందు. ఆ రోజు ఆ నలభై మందిలో ఏకత అంటే ఏమిటో తెలిసినవాడు ఒక్కడే. అందరి తరఫునా ఒక్కడు ఔనన్నాడు. వాడికది మేము పొర్లినందువల్ల రాలేదు, ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. ఇక మేము, పక్కవాడి తప్పు మా తప్పని నేర్చుకోవాల్సిన మేము, పక్కలు దూరం జరుపుకున్నాం. సామూహిక శిక్ష నేర్పుతానన్నది ఒకటి, నిజంగా నేర్పింది ఇంకొకటి. ఇది నా ఒక్క అనుభవమే కావచ్చు. కానీ ఇరవై ఏళ్ళు శిబిరాలు చూశాక చెబుతున్నాను, రగ్డా జరిగిన రాత్రి గదిలో పిల్లలు ఒకరికొకరు దగ్గరవడం నేను చూడలేదు. బలహీనుణ్ణి వెదకడమే చూశాను. లావుగా ఉన్నవాడు, నత్తివాడు, భాష రానివాడు. ఎవడో ఒకడు దొరుకుతాడు.

నా వంతు 2003లో వచ్చింది. నేను తీసుకెళ్ళిన పిల్లల లెక్కలో ఒక ఖోఖా తక్కువైంది. హవల్దారు నా వైపు చూశాడు, కానివ్వమంటారా అన్నట్టు. పిల్లలను చెట్టు నీడలో కూర్చోబెట్టమన్నాను. ఆ గొట్టం లెక్క ఎందుకు ముఖ్యమో కన్నడంలో చెప్పాను, తెలుగులో చెప్పాను, నాకొచ్చిన ఉర్దూలో చెప్పాను. తెలియక తీసుకున్నవాడు భయపడనక్కరలేదన్నాను. డేరాలో ఒక బకెట్ పెట్టించి, ఒక్కొక్కరే లోపలికెళ్ళి రమ్మన్నాను. ఆ తర్వాత జంపఖానాలన్నీ నేనే దులిపాను. పిల్లలు వింతగా చూశారు.

బకెట్‌లో ఏమీ పడలేదు. జంపఖానాలోనూ దొరకలేదు. ఆ రాత్రి నా పేరు మీద రిపోర్టు రాసి ఇచ్చాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. నా ఫైలులో ఒక కాగితం చేరింది. "మీ మెతకతనం వల్ల దొంగ తప్పించుకున్నాడు సార్" అని హవల్దారు బాధపడ్డాడు. కావచ్చు. వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదని సినిమాల్లో జడ్జిగారు అంటే చప్పట్లు కొడతాం. ఆ మాటకు ఖరీదుంటుంది. ఒక దోషి తప్పించుకున్నప్పుడు ఆ ఖరీదు ఎవరో ఒకరు చెల్లించాలి. నా అభిప్రాయంలో అది నాయకుడి వంతు. పిల్లల లెక్క తప్పితే జవాబుదారీ పైకి పోవాలి. ఆ రోజు ఉస్తాద్ దాన్ని కిందికి పంపాడు. ఆయన పైవాళ్ళూ బహుశా ఆయనకు అదే నేర్పారు.

నేను చేసింది గొప్ప పనేమీ కాదు. ఒక కాగితం ఖరీదే. పైగా అది హగరి ఒడ్డు పిల్లవాడికి చెల్లించాల్సిన బాకీ, దారి తప్పి ఇంకెవరికో చేరింది.

మొన్న రాత్రి మా చెల్లెలి మనవడు డాబా మీద నా పక్కన పడుకున్నాడు. వాణ్ణి అడిగాను, "ఆ పాలిష్ వేసుకోనివాడు ఎవడ్రా?"

"వాడా? వాడితో ఎవరూ మాట్లాడము తాతా" అన్నాడు.

"ఎందుకు వేసుకోలేదో అడిగినారా?"

వాడు ఆలోచించాడు. ఎవరూ అడగలేదని చెప్పాడు. ఇంకొంతసేపయ్యాక, వాడి పాలిష్ డబ్బా మూడో రోజే ఎవరో తీసుకున్నారని తర్వాత తెలిసిందని కూడా చెప్పాడు. బడి తెరవగానే వాడి దగ్గరికెళ్ళి మాట్లాడమన్నాను. ఏం మాట్లాడాలని అడిగాడు. ఏదైనా సరే, నీ పక్క మాత్రం దూరం జరుపుకోవద్దన్నాను. వాడికి ఆ మాట అర్థం కాలేదు. అర్థం చెప్పడానికి తెల్లవారుజాము దాకా పట్టింది.

కోడలికి జవాబు ఇదేనమ్మా. న్యాయం కాదు.